జిరాక్స్ తీస్తే నెమలి నల్లముద్దవుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నేను విజయనగరం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని). ఒకటి, రెండు, మూడు తరగతులు కలిపి నా దగ్గర 34 మంది పిల్లలున్నారు. టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వర్క్‌షీట్లు ఫోన్‌లో చూడ్డానికి చాలా బాగుంటాయి. జిరాక్స్ తీయిస్తే మాత్రం బొమ్మలు నల్లగా, అక్షరాలు అలుక్కుపోయి వస్తున్నాయి. కాపీకి రెండు రూపాయలు, అదీ నా చేతి డబ్బే. "ఎందుకమ్మా ఈ ఖర్చు, బోర్డు మీద రాసేయొచ్చు కదా" అంటారు హెడ్మాస్టారు. ల్యాప్‌టాప్ కొనుక్కుని డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు తయారుచేయడం) నేర్చుకోమని తోటి టీచర్ సలహా. పిల్లలేమో షీటు చేతికి ఇచ్చీ ఇవ్వగానే "ఏం చెయ్యాలి టీచర్" అంటూ నా చుట్టూ మూగుతారు. ఒక షీటు నమూనాగా పంపుతున్నాను. నేనెక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.
— ఒక టీచర్

సమాధానం: టీచర్ గారూ, ముందు ల్యాప్‌టాప్ సంగతి పక్కన పెట్టండి. మీ షీటును పాడుచేస్తున్నది చేతిరాతా కాదు, కంప్యూటర్ లేకపోవడమూ కాదు. అది ఫోన్ తెర కోసం తయారైన షీటు. మీరు దాన్ని మండల కేంద్రంలోని జిరాక్స్ మెషీన్‌కి ఇస్తున్నారు. ఆ మెషీన్ ఏం చూడగలదో, ఏం చూడలేదో తెలిస్తే తెల్ల కాగితం, నల్ల పెన్నుతోనే మీరు మంచి షీటు తయారు చేసుకోవచ్చు.

మీరు పంపిన నమూనా చూశాను. చుట్టూ పూలతీగ బార్డరు. వెనకాల లేత నీలం ఆకాశం, అది కాపీలో మసి పూసినట్టు బూడిదరంగుకి దిగింది. ఎడమవైపు అయిదు బొమ్మలు, కుడివైపు అయిదు అక్షరాలు, కింద మళ్లీ ఖాళీలు పూరించే లెక్క, దాని కింద రంగులు వేయమని ఒక సీతాకోకచిలుక. పైనున్న అయిదింటిలోని రామచిలుక బొమ్మలో ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర ముక్కు రెండూ ఒకే నలుపయ్యాయి. ముక్కు కనిపించని చిలుకని పిల్లలు కాకి అంటే వాళ్ల తప్పేముంది?

మామూలు జిరాక్స్ మెషీన్‌లో ఉండేది నల్ల టోనర్, అంటే నల్ల పొడిసిరా, ఒక్కటే. కాగితం మీద ఒక చోట నలుపు పడుతుంది, లేదంటే పడదు. మధ్యలో ఉండే బూడిదరంగుని అది సన్న చుక్కలుగా విడగొట్టి నటిస్తుంది. ఆ చుక్కల కాపీని మళ్లీ కాపీ తీస్తే చుక్కలు కొన్ని కలిసిపోతాయి, కొన్ని ఎగిరిపోతాయి. గ్రూపులో వచ్చిన షీటు మీ దాకా వచ్చేసరికి ఎన్ని చేతులు మారిందో మనకు తెలియదు. రంగుల్లో ముదురువన్నీ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు ఇంచుమించు ఒకే నలుపుగా దిగుతాయి. పసుపు దాదాపు మాయమవుతుంది. అసలీ యంత్రం పుట్టిందే గీతలూ అక్షరాల కోసం. 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ ఈ పద్ధతిలో తీసిన మొదటి కాపీలో ఉన్నవి, గాజు పలక మీద నల్ల సిరాతో రాసిన ఆ రోజు తేదీ, న్యూయార్క్‌లోని అస్టోరియా అనే పేట పేరు. అంతే. తెలుపు మీద నలుపు ఇస్తే ఇప్పటికీ అది పువ్వులా తీసిస్తుంది.

మైనపు కాగితం (స్టెన్సిల్) మీద గీకి, దాంట్లోంచి సిరా దిగేలా కాపీలు తీసిన సైక్లోస్టైల్ కాలం టీచర్లు మీ చుట్టుపక్కల ఉంటే ఆనాటి ప్రశ్నపత్రం ఒకటి చూపించమనండి. స్టెన్సిల్ మీద గీత పడుతుంది కానీ నీడ పడదు. అందుకని వాళ్లకి వేరే దారి లేక గీతబొమ్మే వేసేవారు. ఆ ఇబ్బందే వాళ్ల షీట్లని శుభ్రంగా ఉంచింది.

కాబట్టి మీరు తయారుచేసే షీటులో బూడిదరంగు అనేదే ఉండకూడదు. బార్డరు తీసేయండి. మెషీన్ కాగితం అంచుల దాకా ముద్రించదు కనుక బార్డరు ఎలాగూ ఒక పక్క తెగుతుంది, పైగా కాపీ కాస్త ఒరిగినా ఆ వంకర మొత్తం బార్డరులోనే కనిపిస్తుంది. చుట్టూ కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి. ఫైలులో పెట్టేవైతే ఎడమవైపు రెండు సెంటీమీటర్లు వదిలితే పంచ్ చేసినా అక్షరం తెగదు.

బొమ్మలకి పాఠ్యపుస్తకం, క్యాలెండరు, పాత చార్టులు, ఏవైనా పనికొస్తాయి. కిటికీ అద్దానికి బొమ్మ ఆనించి, దానిమీద తెల్ల కాగితం పెట్టి, చుట్టుగీత మాత్రం గీసుకోండి. లోపలి ఈకలు, నీడలు, వెంట్రుకలు వద్దు. నెమలికి తలమీద కుచ్చు, విప్పిన పింఛం ఉంటే చాలు. ఉడుతకి వీపు మీద చారలు, కుచ్చుతోక రెండూ ఉండాల్సిందే, లేకపోతే అది ఎలుక. గీసిన బొమ్మని మీ తరగతిలో నలుగురికి విడివిడిగా చూపించి "ఇదేంటి?" అని అడగండి. నలుగురూ ఒకే పేరు చెబితేనే అది షీటులోకి రావాలి. ఇది బాగా గీయడం ఒక్కదానికి సంబంధించిన విషయం కాదు. గిన్నె బొమ్మ చూపించి మొదటి అక్షరం అడిగితే, ఇంట్లో దాన్ని తపేలా అనే పిల్ల "త" అని రాస్తుంది. మీరు తప్పు పెడతారు. ఆ పిల్లకి వర్ణమాల వచ్చినట్టే, బొమ్మ ఎంపికే కుదర్లేదు.

ఇక అక్షరాలు. మన లిపికి ఇక్కడ ఇంగ్లిషుకి లేని కష్టాలున్నాయి. ద, ధ, థ ఒకదాని పక్కన ఒకటి రాసి చూడండి. ద కింద చిన్న గీత చేరితే ధ, ఆ ధ కడుపులో చుక్క పెడితే థ. కాపీ పలచబడితే ముందు పోయేది ఆ చుక్క. కాపీ ముదిరితే ముందు పూడిపోయేది ఆ గీత దగ్గరి సందు. ర, ఠ మధ్య తేడా కూడా చుక్కే. ప తలకట్టు విడిగా ఉంటుంది, వ తలకట్టు అతుక్కుని ఉంటుంది. నల్లబడిన కాపీలో ఈ రెంటినీ పెద్దవాళ్లమే పోల్చుకోలేం, అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లల మాట చెప్పేదేముంది. అందుకే ఈ జతల్లో ఏదైనా షీటులో వస్తే ఆ అక్షరాలు మిగతావాటికన్నా పెద్దగా రాయండి, చుక్కని పెన్నుతో రెండోసారి దిద్దండి.

సైజు పాయింట్లలో కాకుండా స్కేలుతో చూసుకోండి. ఒకటో తరగతికి అక్షరం ఎత్తు, గుడులూ ఒత్తులూ కాకుండా, ఎనిమిది మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉంటే బాగుంటుంది. మూడో తరగతికి అయిదు చాలు. వరుసకీ వరుసకీ మధ్య ఎడం మాత్రం పిసినారితనం లేకుండా వదలండి. పై వరుసలో "రాష్ట్రం" ఉండి దాని కిందే "కీర్తి" వచ్చిందనుకోండి, పై మాట ఒత్తులు దిగొచ్చి కింది మాట గుడి మీద కూర్చుంటాయి. అక్షరం ఎత్తుకి రెండింతలు ఖాళీ ఉంటే ఆ గొడవ రాదు.

చుక్కల అక్షరాల మీద దిద్దించే షీట్లు గ్రూపుల్లో చాలా తిరుగుతుంటాయి. కాపీ యంత్రానికి అవి బద్ధశత్రువులు. సన్న చుక్కలు రెండో కాపీకే సగం రాలిపోతాయి. వాటి బదులు లోపల ఖాళీగా ఉండే బోలు అక్షరం గీయండి, మొదలుపెట్టే చోట ఒక లావు చుక్క, చెయ్యి తిరగాల్సిన వైపుకి ఒక బాణం గుర్తు పెట్టండి. పిల్ల ఆ బోలులోనే పెన్సిల్ నడుపుతుంది.

ఇప్పుడు మీ చుట్టూ మూగుతున్న పిల్లల విషయం. మీ నమూనాలో సూచన ఇలా ఉంది: "క్రింది చిత్రములను పరిశీలించి, వాటి పేర్లలోని మొదటి అక్షరమును గుర్తించి, దానిని ఎదురుగా గల అక్షరములతో జతపరచుము." చదవడం నేర్పే షీటు చేయాలంటే ముందు ఇదంతా చదవడం రావాలన్నమాట! "బొమ్మ పేరులో మొదటి అక్షరానికి గీత కలపండి" అంటే సరిపోతుంది. ఒకటో తరగతికి అదీ అక్కర్లేదు. మొదటి బొమ్మకి మీరే గీత కలిపి చూపించండి. ఒక లెక్క చేసి పెట్టిన షీటుకి సూచన నోటితో చెప్పినా చాలు.

ఒక పేజీకి ఒక్కటే పని. జతపరచడం, ఖాళీలు, రంగులు అన్నీ ఒకే కాగితం మీద కుక్కితే కాగితం కలిసొచ్చినట్టు అనిపిస్తుంది కానీ, ప్రతి పనికీ 34 మందికీ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది. జతపరిచే షీటులో రెండు వరుసల మధ్య నాలుగైదు సెంటీమీటర్లు వదలండి. ఒక్కో బొమ్మ పక్కన, ఒక్కో అక్షరం ముందు లావు చుక్క పెట్టండి. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అప్పుడు అడగరు. రాసే చోటు పిల్లల చేతికి సరిపడా ఉండాలి. పెద్దవాళ్లు సంతకం పెట్టేంత గీత ఇచ్చి "సీతాఫలం" రాయమంటే ఆ మాట కాగితం అంచు దిగిపోతుంది. కూడికలకి వందలు, పదులు, ఒకట్ల గడులు గీసే ఇవ్వండి. ఖాళీ స్థలంలో రాయమంటే అంకెలు పక్కకి జరిగిపోయి, కూడడం వచ్చిన పిల్లకి కూడా జవాబు తప్పుతుంది.

తయారీ మాటకొద్దాం. తెల్ల ఏ4 కాగితం తీసుకోండి. రూళ్ల కాగితం మీద రాయకండి, రూళ్లు కూడా కాపీలోకి వస్తాయి. రూళ్ల కాగితాన్ని తెల్ల కాగితం కింద పెట్టి రెంటికీ క్లిప్పు పెట్టండి. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు) కాగితంలోంచి గీతలు లీలగా కనిపిస్తాయి, మీ వరుసలు తిన్నగా వస్తాయి. నల్ల జెల్ పెన్నుతో రాయండి, బొమ్మల చుట్టుగీతకి సన్నమొన నల్ల స్కెచ్ పెన్ను వాడండి. నీలం బాల్‌పెన్ను, పెన్సిలు పనికిరావు. తప్పుపోతే వైట్‌నర్ వేసుకోవచ్చు, కానీ పూర్తిగా ఆరాకే మెషీన్ అద్దం మీద పెట్టాలి. తడి వైట్‌నర్ అద్దానికి అంటితే ఆ మచ్చ ఆ పూట షాపుకి వచ్చిన అందరి ఆధార్ కాపీల మీదా పడుతుంది, షాపతను ఇక మిమ్మల్ని ఆదరించడు. బొమ్మ వేరే కాగితం మీద గీసి అతికిస్తే అంచుల నీడ సన్నగీతగా పడుతుంది. ఆ అంచుల మీద కాస్త వైట్‌నర్ పూయండి, పడదు.

ఇలా తయారైందే మాస్టర్ కాపీ. దీన్ని పిల్లలకి ఇవ్వకండి, మడవకండి, దాని మీద ఏమీ రాయకండి. కాపీలన్నీ ఎప్పుడూ దీన్నుంచే తీయించాలి. "ఒకటి మిగిలింది కదా, వచ్చే ఏడాది దాన్నే జిరాక్స్ తీద్దాం" అనుకోవడంతోనే షీట్లు పాడవడం మొదలవుతుంది. ఏది మాస్టరో తెలియక కలిసిపోతుంటే మూలన పసుపు హైలైటర్‌తో "మాస్టర్" అని రాసుకోండి. మామూలు డెన్సిటీలో, అంటే నలుపు మోతాదు పెంచకుండా తీస్తే, అది కాపీలో దాదాపు కనిపించదు. తర్వాత ప్లాస్టిక్ కవరులో పెట్టి, పేర్లు రాసిన ఫైలులో దాచండి.

షాపులో అడగాల్సినవి కొన్నే ఉన్నాయి. అతికించిన మాస్టర్ అయితే పైన కాగితాన్ని లోపలికి లాక్కునే ఫీడరులో కాకుండా అద్దం మీద పెట్టి తీయమనండి, ఫీడరులో అతుకులు ఊడి ఇరుక్కుంటాయి. మోడ్ "ఫోటో" కాకుండా "టెక్స్ట్" పెట్టమనండి. మొదటి కాపీ చేతికి తీసుకుని చూశాకే మిగతా 33 తీయించండి. తెల్లగా ఉండాల్సిన చోటు నల్లబడుతుంటే డెన్సిటీ ఒక మెట్టు తగ్గించమనండి, చుక్కలు పోతుంటే ఒక మెట్టు పెంచమనండి. ప్రతి కాపీలోనూ ఒకే చోట మచ్చ పడుతుంటే అద్దం తుడవమనడానికి మొహమాటపడకండి. ట్రేలో ఏ4 ఉందో లీగల్ (ఏ4 కన్నా పొడుగు కాగితం) ఉందో కూడా ఒక చూపు చూడండి. మాస్టర్ సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కాపీకి కాపీ తీయించండి, దానికి మరో కాపీ తీయించండి. ఆ మూడో దానిలో కూడా థ చుక్క కనిపిస్తే మీ మాస్టర్‌కి ఢోకా లేదు.

ఖర్చు విషయంలో హెడ్మాస్టారి మాట సగం నిజమే. "అయిదుసార్లు రాయండి", "ఎక్కం రాయండి" లాంటివాటికి కాగితం దండగ. అవి బోర్డు మీద, పలక మీద, నోట్‌బుక్కులో కావాల్సిన పనులు. బొమ్మ, గడి, పటం పిల్లల కళ్లముందు ఉంటే తప్ప జరగని పనికే షీటు తీయండి. అక్కడ బోర్డు చాలదు. బోర్డు మీది బొమ్మని ముప్పై మందీ దించుకునేసరికి పీరియడ్ అయిపోతుంది. ఆ తేడా ఆయనకి చూపించండి, వింటారు. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకి వచ్చే కాంపోజిట్ గ్రాంటులో బోధన సామగ్రి పేరుతో దీన్ని పెట్టడానికి వీలుంటుందేమో కూడా ఆయన్నే అడగండి. అందుకు జిరాక్స్ షాపులో ప్రతిసారీ బిల్లు రాయించుకోండి.

ఖర్చు సగానికి తగ్గే దారి ఇంకొకటుంది. ఏ4ని 71 శాతానికి తగ్గిస్తే సరిగ్గా సగం పేజీలో, అంటే ఏ5లో పడుతుంది. ఒకే షీటు పక్కపక్కన రెండుసార్లు వచ్చేలా రెండో మాస్టర్ చేసుకుంటే 34 షీట్లకి 17 కాగితాలు చాలు, మధ్యలో కత్తిరించడమే. 68 రూపాయలు అయ్యేది 34 అవుతుంది. అయితే ఎనిమిది మిల్లీమీటర్ల అక్షరం తగ్గాక ఆరు కూడా ఉండదు. కనుక ఎనిమిది మిల్లీమీటర్లలో రాసిన మాస్టర్‌తో మూడో తరగతికి ఇలా చేయండి, ఒకటో తరగతి జోలికి పోకండి. వాళ్లకి వేరే ఉపాయం ఉంది. దిద్దే షీట్లని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, వైట్‌బోర్డు మార్కరుతో కవరు మీదే దిద్దించండి. గుడ్డతో తుడిస్తే మర్నాడు ఇంకొకరికి పనికొస్తుంది. పది కవర్లుంటే జట్టులు జట్టులుగా తిప్పుకోవచ్చు.

ఇంత చెప్పాక కూడా కంప్యూటర్ మీద చేయాలని మీకు ఉంటే, బడిలో ఉన్నదాని మీదే మొదలుపెట్టండి. ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ ఫాంట్లలో నోటో సాన్స్ తెలుగు, మండలి ఉచితంగా దొరుకుతాయి, వాటిలో గీత మందం కాపీకి తట్టుకుంటుంది. రవిప్రకాష్, లక్కిరెడ్డి లాంటివి పెళ్లిపత్రికకి బాగుంటాయేమో కానీ, అక్షరాలు నేర్చుకునే పిల్లల ముందు పెట్టొద్దు. రామభద్ర శీర్షికకి సరే, పేజీ అంతా అదే పెడితే సందులు పూడిపోతాయి. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ "ఎగ్జాక్ట్‌లీ" అని పెడితే ఒత్తులు కింద తెగిపోవచ్చు, "మల్టిపుల్" పెట్టుకోండి. డీటీపీ సెంటర్లో "అను" అనే, యూనికోడ్ కాని ఫాంట్లలో చేయిస్తే, ఆ ఫైలు ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచినప్పుడు పిచ్చి ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. అక్కడ పీడీఎఫ్ కూడా అడిగి తీసుకోండి. ప్రింటు ఇచ్చేటప్పుడు "ఫిట్" అని కాకుండా "యాక్చువల్ సైజ్" అని చెప్పండి. మామూలు షీట్లకి అది పెద్ద విషయం కాదు కానీ, "ఈ గీత ఎన్ని సెంటీమీటర్లు?" అనే షీటులో మీ అయిదు సెంటీమీటర్ల గీత కాస్త కుదించుకుపోతే, సరిగా కొలిచిన పిల్లలందరికీ తప్పే వస్తుంది.

మీ చేతిరాత మాస్టర్లని గ్రూపులో పెట్టాలనుకుంటే మామూలు ఫోటో తీసి పంపకండి. పగటి వెలుతురులో, మీ నీడ పడకుండా, ఫోన్‌లోని స్కానర్‌తో బ్లాక్ అండ్ వైట్‌లో తీసి పీడీఎఫ్‌గా దాచండి. గూగుల్ డ్రైవ్‌లోనే ఆ స్కానర్ ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది, అందుకే "డాక్యుమెంట్" నొక్కి పంపాలి. ఫైలుకి "స్కాన్ 1" అని కాకుండా తరగతి, సబ్జెక్టు, పాఠం పేరు పెడితే రేపు మీ చుట్టుపక్కల బడుల టీచర్లు ఎవరైనా వెతికినా దొరుకుతుంది.